బుఖారా (ఉజ్బెకిస్తాన్) నుంచి అమ్మకు

అమ్మా,

మొన్న మాట్లాడుతుండగానే ఫోన్ కట్ అయ్యింది, అందుకే రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. క్లాసులు జరుగుతున్నాయి, వంట మేమే చేసుకుంటున్నాం, కందిపొడి ఇంకా ఉంది.

మనసంతా నానమ్మ మీదే. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి తనది కానట్టు చూస్తోందన్నావు. "ఆవిడకింకేం తెలుస్తుందిలే" అని అత్త పక్కనుంచి అనడం నాకు వినిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా మెడికల్ కాలేజీకి ఇబ్న్ సీనా పేరే పెట్టారు కదా, ఆయన 980లో పుట్టిన అఫ్షానా అనే ఊరు ఇక్కడికి దగ్గరే. గొప్ప వైద్యుడు, తత్వవేత్త కూడా. 'అష్-షిఫా' అనే తన పుస్తకంలో ఒక మనిషిని ఊహించుకోమంటాడు. వాడు ఒక్కసారిగా, నిండు మనిషిగా పుట్టి శూన్యంలో తేలుతున్నాడు. కళ్లకు ఏమీ కనపడదు. ఒంటికి గాలి కూడా తగలదు. కాళ్లూ చేతులూ ఒకదానికొకటి ఆనకుండా చాపి ఉన్నాయి. తనకు చేతులున్నాయనీ, గుండె ఉందనీ, మెదడు ఉందనీ వాడికి తెలియదు. తానున్నానని మాత్రం తెలుసు. ఒకవేళ చెయ్యి అనేదాన్ని ఊహించుకోగలిగినా, అది తనలో భాగమని అనుకోడట. అక్కడికొచ్చేసరికి నానమ్మే కళ్లముందు మెదిలింది.

నిద్రలోనూ, తాగిన మత్తులోనూ కూడా తానున్నానన్న ఆ ఎరుక పోదనీ, తర్వాత గుర్తుండకపోవచ్చనీ 'ఇషారాత్' అనే ఇంకో పుస్తకంలో రాశాడు.

చదువు వదిలేసి ఇవన్నీ చదువుతోందని నాన్న అనుకోవద్దు. మెదడు దెబ్బతింటే ఏమేం పోతాయో మాకు పాఠాల్లోనే ఉంది. ఆత్మ, శరీరం వేరని ఈ తర్కంతో తేలిపోయిందని నేను అనను. కానీ మాట పడిపోయినంత మాత్రాన లోపల మనిషి లేదని ఎలా అంటాం?

సుహ్రవర్దీ అని ఇంకొక తత్వవేత్త, నలభై నిండకుండానే 1191లో సిరియాలోని అలెప్పోలో చంపించారు పాపం. మన నొప్పి మనకు తెలియడానికి మనసులో దాని బొమ్మ ఏదీ అక్కర్లేదు, నొప్పి ఉండటమే తెలియడం అన్నాడు. నానమ్మ చెప్పలేకపోతోంది కాబట్టి రెండు గంటలకోసారి పక్క మార్చండి, వీపు ఎర్రబడిందేమో చూడండి.

ఆవిడ ముందు పొలం పంపకాల మాటలూ, ఎన్నాళ్లుంటుందన్న మాటలూ వద్దమ్మా. అత్తకు నువ్వే మెల్లగా చెప్పు. నోట్లో ముద్ద పెట్టేముందు "అత్తయ్యా, పెరుగన్నం" అని చెప్పి పెట్టు.

తమ్ముడి ఫీజు కట్టారా? నాకు డబ్బులు ఇప్పుడే పంపొద్దు, ఫిబ్రవరి దాకా సరిపోతాయి.

నీ
చిన్ని