పిండి బస్తాలు పంచిన నాటకశాల

ప్రియ మిత్రమా,

ఇంటిల్లిపాదీ కలిసి చూడదగిన వినోదం అమెరికాలో ఎలా మొదలైందని అడిగావు కదా. నేను చదివినంతలో దాని వెనక నీతి కంటే లెక్కే ఎక్కువగా కనిపిస్తోంది.

1870ల నాటి న్యూయార్కులో పాటలు, ఆటలు, హాస్యం కలగలిసిన వెరైటీ ప్రదర్శనలు చాలావరకు మద్యం అమ్మే హాళ్లలోనే జరిగేవి గనుక, మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు అటువైపు వెళ్లేవారు కాదు. సర్కసులో విదూషకుడిగా పనిచేసిన టోనీ పాస్టర్, మగవాడు ఒక్కడే వస్తే ఒక టికెట్టు, సంసారంతో వస్తే నాలుగు టికెట్లు అని గ్రహించినవాడు. 1881 అక్టోబరు 24న 14వ వీధిలో బూతుకు చోటులేని హాలు తెరిచాడు. ఇల్లాళ్లను రప్పించడానికి పిండి, బొగ్గు, పందిమాంసం, గౌను గుడ్డలు బహుమతులుగా పంచేవాడంటే, ఇంటి ఖర్చు ఎక్కడ బరువవుతుందో అతనికి బాగా తెలుసన్నమాట. తమాషా ఏమిటంటే, ఇలాంటి ప్రదర్శనలకు స్థిరపడిన వాడెవిల్ అనే ఫ్రెంచి పేరు అతనికి గిట్టేది కాదు. వెరైటీ అనే అనేవాడు.

బోస్టన్‌లో బి. ఎఫ్. కీత్ అనే నాటకశాల యజమాని 1885లో మొదలుపెట్టిన ఎడతెగని ప్రదర్శన ఇంకా గట్టి వ్యాపారం. ప్రేక్షకుడు ఏ వేళకు వచ్చినా వేదిక మీద ఏదో ఒకటి జరుగుతూనే ఉండేది. ఆ సౌకర్యానికి మూల్యం నటుల ఒళ్లు హూనం కావడమే. చిన్న తిట్టుమాట పలికినా ఉద్యోగం పోతుందని తెరవెనక నోటీసులుండేవి, అందుకే నటులు ఆ హాళ్లను ‘ఆదివారపు బడి’ (చర్చిలో పిల్లలకు మతబోధ చేసే బడి) అని వెక్కిరించేవారు. అయితే ఈ శుభ్రత నాలుకకే పరిమితం. ఐరిష్‌వాళ్లను, యూదులను, నల్లవాళ్లను వెటకరించే అంశాలకు అడ్డులేదు. నల్లజాతివాడైన బెర్ట్ విలియమ్స్ వంటి గొప్ప హాస్యనటుడు సైతం నల్లవాళ్లను వెటకరించే ఆ వేషంలో, ముఖానికి మసి పూసుకునే వేదిక ఎక్కవలసి వచ్చింది. ఆ సంగతి చదివాక నాకు మిగతా హాస్యం కూడా కొంత చేదెక్కింది.

అంశాల వరుస మాత్రం అచ్చమైన పనితనం. జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ చప్పుడు చేస్తారు కాబట్టి, మాటలతో పనిలేని దొమ్మరి విద్యలో, కుక్కల ఆటలో మొదట పెట్టేవారు. పేరున్న తార చివరి అంశానికి ముందు వచ్చేది. చివరిది జనం లేచి వెళ్లిపోతుండగా సాగేది.

1896 జూన్ 29న న్యూయార్కులోని కీత్ హాలులో ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను, అంటే తొలినాటి సినిమాను, మొట్టమొదట అక్కడి జనం చూశారు. కొన్నేళ్లకు అవి చాలాచోట్ల జనం లేచిపోయే ఆ చివరి స్థానానికి జారాయి. కానీ 1928లో కీత్ హాళ్ల గొలుసే ఆర్.కె.ఓ. అనే సినిమా సంస్థలో కలిసిపోయింది. ప్రతి నటుడూ ఒక్కసారైనా ఎక్కాలని కలలుగన్న న్యూయార్కు ప్యాలెస్ థియేటరులో 1932 నాటికి సినిమాయే ప్రధాన అంశం.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ మిత్రుడు