మా మేనల్లుడికి మందు అందేలా చేసినవాళ్లందరికీ

మా అక్క కొడుకు బెయిల్ మీద ఇంటికి వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. ఫోన్లు చేసి ధైర్యం చెప్పిన అందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కేసు కోర్టులో ఉంది, దాని గురించి ఏమీ రాయను. ఇది టెక్సాస్‌లో ఒక కౌంటీ అని మాత్రం చెబుతాను.

వాడికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. రెండు పూటలా మాత్ర పడాల్సిందే. జైలు నుంచి చేసిన మొదటి ఫోన్లోనే "మామయ్యా, మందు ఇవ్వట్లేదు" అన్నాడు. నేను జైలుకి ఫోన్ చేస్తే నర్సుకి చెబుతామన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. అక్కడ గుంటూరులో మా అక్క, బావగారు నిద్రాహారాలు మానేసి కూర్చున్నారు. వాళ్లకి ఏం చెప్పాలో తోచలేదు.

ములాఖత్ కోసం ఎదురుచూస్తుంటే పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను పలకరించారు. ఆవిడ కొడుకూ అదే జైల్లో ఉన్నాడు. విషయం విని, ఫోన్లు ఆపి అంతా కాగితం మీద పెట్టమన్నారు. మందు పేరు, మోతాదు, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నాడు, డాక్టర్ రాసిన చీటీ... అన్నీ దగ్గరుండి రాయించారు. ఒక కాపీ షెరీఫ్ ఆఫీసుకి, ఇంకొకటి ఆస్టిన్‌లోని టెక్సాస్ కమిషన్ ఆన్ జైల్ స్టాండర్డ్స్‌కి పంపమన్నారు. అలాంటి కమిషన్ ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మా, మీకు తెలుగు రాదు. అయినా మొదటి దండం మీకే.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. జైలు నడిపేది ప్రజలు ఎన్నుకున్న షెరీఫ్. లోపల ఉండేవాళ్లలో ఎక్కువమంది ఇంకా నేరం రుజువు కానివాళ్లే. ఈ జైళ్లు ఎలా ఉండాలో నిబంధనలు పెట్టి, తనిఖీ చేయడానికి 1975లో ఆ కమిషన్‌ని ఏర్పాటు చేశారు. గవర్నర్ నియమించే తొమ్మిదిమంది సభ్యుల్లో ఇద్దరు షెరీఫ్‌లు, ఒక డాక్టర్ ఉంటారు. నలుగురు మామూలు పౌరులకూ చోటు ఉంటుంది. ప్రతి 48 మంది ఖైదీలకి కనీసం ఒక జైలర్ ఉండాలి. కనీసం గంటకోసారి జైలర్ స్వయంగా వెళ్లి ప్రతి మనిషినీ చూడాలి. ఆత్మహత్య ప్రమాదం, మానసిక సమస్య ఉన్నవాళ్లున్న చోట అరగంటకోసారి చూడాలి. నిబంధన తప్పిన జైళ్ల పేర్లు కమిషన్ అందరికీ తెలిసేలా ప్రకటిస్తుంది.

జైల్లో ఖైదీల మందుల గురించి కూడా గట్టి నిబంధన ఉంది. దానికి కారణం శాండ్రా బ్లాండ్ అనే అమ్మాయి. 2015 జులైలో ట్రాఫిక్ స్టాప్‌లో ఆపి అరెస్టు చేస్తే, మూడు రోజులకి వాలర్ కౌంటీ జైల్లో ఆ 28 ఏళ్ల అమ్మాయి శవమై కనిపించింది. 500 డాలర్లు కట్టి ఉంటే బయటికి వచ్చేది. ఆమె పేరుతో 2017లో చట్టం వచ్చింది. దాని ప్రకారం జైల్లో ఎవరైనా చనిపోతే బయటి సంస్థ దర్యాప్తు చేయాలి. ఖైదీ వాడే మందుల్ని అర్హత ఉన్న వైద్య సిబ్బంది వీలైనంత త్వరగా చూడాలి. ఆ కుటుంబం తమ దుఃఖాన్ని అంతటితో వదిలేయకుండా కొట్లాడినందుకే ఈరోజు మా పిల్లవాడి చేతికి మాత్ర అందింది. వాళ్లని తలచుకోకుండా ఈ పోస్ట్ రాయలేను.

కమిషన్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఓపిగ్గా అన్నీ అడిగారు. ఆ రాత్రే మందు మొదలైంది. మా అక్క ఫోన్లో మాట రాక ఏడ్చింది.

మందు ఆగింది ఎవరి కక్షవల్లా కాదు, మనుషులు లేకపోవడం వల్ల. రాత్రి షిఫ్టులో ఉన్న ఒక జైలర్ నాతో "ఈ ఫ్లోర్‌కి నేనొక్కడినే, వరసగా డబుల్ షిఫ్టులు చేస్తున్నా" అన్నాడు. అంత అలసటలోనూ మా వాడి దగ్గరికి వెళ్లి ఎలా ఉన్నావని అడిగేవాడట. ఆ బాబుకీ రుణపడి ఉన్నాను.

జైలర్ల జీతాలకి డబ్బు కేటాయించేది కమిషనర్స్ కోర్టు. కోర్టని పేరే గానీ అది కౌంటీ పాలకమండలి. దాని మీటింగ్ అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా మాట్లాడే హక్కు 2019 చట్టంతో అందరికీ వచ్చింది. ఖైదీల కుటుంబాలు, చర్చి వాలంటీర్లు ఆ మీటింగ్‌కి నన్నూ తీసుకెళ్లారు. ఖాళీ పోస్టుల గురించి మాట్లాడాను. గొంతు వణికింది, కానీ చెప్పాల్సింది చెప్పాను. ఒక రిటైర్డ్ జైలర్ నా తర్వాత లేచి, సిబ్బంది లేకపోతే ఖైదీకీ జైలర్‌కీ ఇద్దరికీ ప్రమాదమేనని చెప్పారు. జీతాల పెంపుని బడ్జెట్ చర్చలో పెడతామని పాలకమండలి వాళ్లు అన్నారు. అది జరిగేదాకా వెళ్తూనే ఉంటాం.

ఫీజు తీసుకోకుండా కాగితాలు చూసిన తెలుగు లాయర్‌గారికి, రాత్రిపూట జైలు దాకా కారులో తీసుకెళ్లిన కుర్రాళ్లకి, గుంటూరులో మా అక్క ఇంటికి అన్నం క్యారేజీ పంపిన ఇరుగుపొరుగుకి నమస్కారాలు.

ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే నాకు మెసేజ్ చేయండి. మేము పంపిన ఉత్తరం నమూనా ఇస్తాను. జైలు ఫోన్లు రికార్డవుతాయి కాబట్టి కేసు సంగతులు ఫోన్లో మాట్లాడకండి. మా కౌంటీలో ఉన్నవాళ్లు బడ్జెట్ మీటింగ్‌కి రండి, తేదీ ఖాయం కాగానే ఇక్కడే పెడతాను.