ధనిఖరి తోటకి వెళ్ళొచ్చాం: తల్లిదండ్రులకి ఒక ఉత్తరం

అమ్మలకీ నాన్నలకీ, ఇంట్లో ఉన్న తాతయ్యలకీ నానమ్మలకీ అమ్మమ్మలకీ నమస్కారం.

పోయిన శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని నయాషహర్‌లో ఉన్న ధనిఖరి తోటకి తీసుకెళ్ళాం. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ తోట అది, అండమాన్ నికోబార్ దీవుల్లో సహజంగా పెరిగే చెట్లనీ, అడవిలో తగ్గిపోతున్న మొక్కల్నీ తెచ్చి అక్కడ పెంచుతారు. పిల్లలు ఇంటికొచ్చి బస్సులో పాడిన పాటల గురించే ఎక్కువ చెప్పి ఉంటారు. అక్కడ ఏం చూశామో, ఈసారి ఈ ఉత్తరం ఎందుకింత పొడుగ్గా రాస్తున్నానో నేను చెప్తాను.

మొదట చాలామంది ఫోన్ చేసి అడిగిన విషయం. ప్రతి ఏడాదీ పిల్లల్ని పడవలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపానికి, అదే మనందరం ఇప్పటికీ రాస్ ఐలాండ్ అంటున్న చోటికి, జింకల్ని చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళం కదా, ఈసారి ఎందుకు మార్చారు అని. పిల్లలకి జింకలంటే ఇష్టం, అది నాకూ తెలుసు. కానీ ఆ చుక్కల జింక ఈ దీవులది కాదు. దాదాపు వందేళ్ళ క్రితం బ్రిటిష్ వాళ్ళు వేట కోసం తెచ్చి వదిలారు, ఇక్కడ దాన్ని తినే పులీ లేదు చిరుతా లేదు, కాబట్టి పెరిగిపోయింది, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఈదుకుంటూ కూడా వెళ్తుంది. అడవిలో పెద్ద చెట్లకి అదేం చెయ్యదు, కింద మొలిచే పిల్ల మొక్కల్ని తినేస్తుంది. పైకి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది, కింద మాత్రం రేపటి చెట్లు ఉండవు. ఆ నేల మొక్కల్ని నమ్ముకున్న బల్లులు కూడా జింకలున్న దీవుల్లో తగ్గాయని పరిశోధకులు చూశారు. మన సముద్రం మధ్య అడవి గురించి చెప్పాల్సిన చోట ఇన్నేళ్ళూ బయటి నుంచి తెచ్చిన జంతువుకి బిస్కెట్లు పెట్టించి ఇదే ప్రకృతి అని పిల్లలకి నేర్పాను. అది నాకు బాధగా ఉంది. అందుకే మార్చాను.

ఇక తోట గురించి. గేటు దాటి కొంచెం లోపలికి వెళ్ళగానే ఒక పెద్ద చెట్టు, మొదలు దగ్గర వేళ్ళు పలకల్లా నిలబడి ఉన్నాయి, పిల్లలు వాటి మధ్య దాక్కోవడం మొదలుపెట్టారు. ఆరో తరగతి పాప ఒకమ్మాయి "మేడమ్, ఇదేం చెట్టు?" అని అడిగింది. నాకు తెలియలేదు. బోర్డు చదివితే పడాక్. మా ఇంటి వీధి తలుపు పడాక్‌ది, స్కూల్లో నా బల్ల పడాక్‌ది, చెక్క చూపిస్తే చీకట్లో చేత్తో తడిమి చెప్పగలను, ఆ ఎరుపు, ఆ బరువు చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ నిలబడి ఉన్న చెట్టుని గుర్తుపట్టలేకపోయాను. మీలో ఎంతమంది గుర్తుపడతారు? నిజంగానే అడుగుతున్నాను.

పడాక్ మన కేంద్రపాలిత ప్రాంతానికి అధికారిక వృక్షం. ప్రపంచంలో సహజంగా పెరిగేది అండమాన్ దీవుల్లోనే. పిల్లలకి నేను అక్కడే చెప్పిన ఇంకో మాట మీకూ నచ్చుతుందనుకుంటున్నాను. మన పెద్దలు చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడ ఎక్కి వచ్చినవాళ్ళే కదా, ఆంధ్రాలో ఎర్రచందనం అంటే తెలియని వాళ్ళుండరు. ఆ ఎర్రచందనం, మన పడాక్, కొండల మీది వేగిస చెట్టు, మూడూ ఒకే కుటుంబం, అక్కాచెల్లెళ్ళలాంటివి, మూడింటి శాస్త్రీయ నామం టెరోకార్పస్ అనే మాటతోనే మొదలవుతుంది. ఎర్రచందనం శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్ని దాటి సహజంగా పెరగదు, పడాక్ ఈ సముద్రం దాటి పెరగదు. కాయలు కూడా ఒకే తీరు, గుండ్రంగా అప్పడంలా, చుట్టూ పల్చటి రెక్క, గాలికి తిరుగుతూ పడతాయి. ఒకడు దాన్ని విసిరి చూపించాడు, ఆ తర్వాత పది నిమిషాలు ఎవరూ ముందుకి కదల్లేదు, నేనూ తొందరపెట్టలేదు.

అప్పుడే నాకు ఒక ఆలోచన వచ్చింది. మన పిల్లలకి ఇక్కడి చెట్లు పరాయివి అనిపిస్తాయి, ఎందుకంటే పుస్తకంలో ఉన్నవి మామిడి, వేప, మర్రి. ఇంటి వెనక ఉన్నది మాత్రం "జంగిల్". పేరు లేకపోతే అది అడవి కాదు, పొద. కాబట్టి చెట్టు కనబడినప్పుడల్లా ఇంట్లో మీరు చెప్పిన ఏదో ఒక తెలుగు పేరుకి దాన్ని కట్టాలని చూశాను. మార్బుల్‌వుడ్ చెట్టు ఉంది, చెక్క మీద బూడిద రంగు, నలుపు చారలు వచ్చేది, అది బీడీ ఆకు తునికి చెట్టుకి చుట్టం. మొగలి జాతి చెట్టు ఉంది, మన దగ్గర మొగలిపువ్వు జడలో పెట్టుకుంటాం, నికోబార్ వాళ్ళు తమ దీవుల్లో పెరిగే మొగలి కాయని ఉడికించి గుజ్జు తీసి తింటారు, అది వాళ్ళకి అన్నంలాంటిది. అడవి జాజికాయ కూడా ఉంది. వంటింట్లో వాడే జాజికాయ వేరు, ఇది వేరు, కానీ కాయ పగిలితే లోపల గింజ చుట్టూ జాపత్రిలాగే ఎర్రటి తొడుగు కనిపిస్తుంది.

ఆ ఎర్రటి తొడుగు పావురాల కోసం. మన అడవుల్లో పెద్ద ఆకుపచ్చ పావురాలున్నాయి, ఇంపీరియల్ పిజన్ అంటారు, జాజికాయంత గింజని గింజలాగే మింగేస్తాయి, పైన ఉన్న తొడుగు అరిగించుకుని గింజని దూరంగా ఎక్కడో పడేస్తాయి. "అంత పెద్దది ఎలా మింగుతుంది మేడమ్, గొంతుకి అడ్డం పడదా?" అని ఒక అబ్బాయి పదేపదే అడిగాడు. దాని నోరు, గొంతు బాగా సాగుతాయి. ఆ అబ్బాయి నాన్నగారికి ఒక మాట, ఆ ప్రశ్న ఇంకా వాడి బుర్రలో తిరుగుతోంది, సైన్స్ మాస్టారిని కూడా అడిగాడట, దయచేసి ఇంట్లో విసుక్కోకండి. పావురాన్ని వేటాడితే పోయేది పావురం ఒక్కటే కాదు, ఆ చెట్టు తన పిల్లల్ని దూరం పంపే దారి కూడా పోతుందని వాడు తనంతట తానే అన్నాడు, ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన మాట అదే.

పచ్చ బల్లిని ఇద్దరు ముగ్గురు చూశారు. అరటి ఆకుల మీద, గోడల మీద పగటిపూటే తిరుగుతుంది, మీ ఇళ్ళ దగ్గర కూడా ఉంటుంది, రోజూ చూసి వదిలేస్తాం. ఆ ఆకుపచ్చ బల్లి అండమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు, దాని దగ్గరి బంధువులన్నీ మడగాస్కర్, ఆ చుట్టుపక్కల దీవుల్లో ఉన్నాయి. మధ్యలో అంత సముద్రం. ఇంట్లో కనిపిస్తే చీపురుతో కొట్టకండి, విషం లేదు, కరవదు, పురుగుల్ని తిని పోతుంది.

తోటలో చూడలేని వాటి గురించి కూడా మాట్లాడుకున్నాం. నార్కొండం హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి ఉంది, ఏడు చదరపు కిలోమీటర్లు కూడా సరిగ్గా ఉండని ఒక్క దీవిలోనే బతుకుతుంది, భూమి మీద ఇంకెక్కడా లేదు. నికోబార్‌లో మెగాపోడ్ అనే పక్షి గుడ్ల మీద పొదగదు, ఇసుక, ఆకులు పోగేసి పెద్ద గుట్ట కట్టి అందులో గుడ్డు పెడుతుంది, ఆ గుట్ట వేడికే పిల్ల బయటికొస్తుంది, వచ్చిన రోజు నుంచీ తన బతుకు తనే బతుకుతుంది. 2004 డిసెంబర్ 26 సునామీలో తీరం వెంట ఉన్న ఆ గుట్టలు చాలా కొట్టుకుపోయాయి. ఈ పిల్లలెవరూ అప్పటికి పుట్టలేదు. మనకి మాత్రం ఆ రోజు గుర్తుంది, నేను చెబుతుంటే కొంచెం గొంతు పట్టేసింది, మనుషుల గురించే ఎప్పుడూ చెప్పుకుంటాం, పక్షుల గురించి ఆ రోజు మొదటిసారి చెప్పాను.

ఇప్పుడు చెరువులున్న వాళ్ళకి ఒక మాట, ఇది దయచేసి జాగ్రత్తగా చదవండి. వానాకాలంలో పసుపు రంగుకి తిరిగే పెద్ద కప్ప మన ఊళ్ళలో కొన్నేళ్ళుగా కనబడుతోంది కదా, చిన్నప్పుడు మనం ఇక్కడ చూడనిది. అది మెయిన్‌లాండ్ కప్ప, అక్కడ దాని చోటు దానికుంది. ఇక్కడికి చేపపిల్లలతో పాటు తోకకప్పలుగా కలిసి వచ్చింది. దాని తోకకప్పలు మిగతా కప్పల తోకకప్పల్ని తినేస్తాయి, పెద్దదైతే చేపపిల్లల్ని, కోడిపిల్లల్ని కూడా మింగుతుంది. చేపపిల్లలు తెచ్చినప్పుడు చెరువులో పొయ్యకముందు ఒక తొట్టెలో పోసి చూసి, తోకకప్పలుంటే ఏరి తీసేయండి. పదిహేను నిమిషాల పని. పెద్ద ఆఫ్రికా నత్త సంగతి కూడా అంతే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్ళు ఇక్కడున్నప్పుడు వచ్చిందంటారు, ఇప్పుడు ప్రతి పెరట్లో కూరగాయల మీద అదే. దాన్ని పిల్లల చేత వట్టి చేతులతో ఏరించకండి, దాని ఒంట్లో మనిషికి జబ్బు తెచ్చే పురుగులుండొచ్చు.

తోటలో ఒక తప్పు కూడా జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఒకరి సంచిలో వేళ్ళతో సహా పీకిన చిన్న ఆర్కిడ్ మొక్క దొరికింది. పేరు చెప్పను, మీరు కూడా మీ పిల్లల్ని "నువ్వేనా" అని నిలదీయకండి. అమ్మకి చూపిద్దామని తీసిందట. అది అక్కడి వాళ్ళకి అప్పగించి క్షమాపణ చెప్పాం, వాళ్ళు మళ్ళీ నాటారు. తిట్టాలనిపించలేదు, ఎందుకంటే బీచ్‌లో శంఖం, పగడం ముక్క కనబడితే సంచిలో వేసుకోవడం పిల్లలు మన దగ్గరే నేర్చుకున్నారు. వాటిని దీవులు దాటించడం నేరమని విమానాశ్రయంలో అందరికీ చెబుతారు, ఇంటి షోకేసులో పెట్టుకునేటప్పుడు మాత్రం ఎవరూ గుర్తు చెయ్యరు. నేను చేస్తున్నాను.

ఇక పిల్లలకి ఇచ్చిన పని. ఇంటి చుట్టూ ఐదు చెట్లు చూసి నోటు పుస్తకంలో రాయాలి: పేరు, ఆకు బొమ్మ, అది ఈ దీవిదా లేక ఎవరైనా తెచ్చి నాటిందా. పేరు మీకు తెలియకపోతే గూగుల్ కంటే ముందు పక్కింటి వాళ్ళని అడగనివ్వండి. అడవి పనులకి వచ్చి స్థిరపడిన రాంచీ కుటుంబాలు, బర్మా నుంచి వచ్చి మాయాబందర్ వైపు ఉంటున్న కరెన్ కుటుంబాలు, వాళ్ళ పెద్దలకి మనకంటే చాలా ఎక్కువ తెలుసు. మీ ఇంట్లో ఎవరైనా కలప పనిలోనో, ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లోనో, చాథమ్ కలప కోత మిల్లులోనో చేసి ఉంటే ఒక గంట స్కూలుకి రండి. తెలుగులోనే చెప్పండి, హిందీ కలిసినా ఫరవాలేదు. పడాక్, గర్జన్, పైమా, ధూప్ చెక్కల్ని చూసి ఎలా గుర్తుపడతారో చెబితే చాలు, పిల్లలు మిగతావి అడుగుతారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు వచ్చే శనివారం వెళ్తున్నారు. బస్సు ఉదయం 7 గంటలకి స్కూలు గేటు దగ్గర బయల్దేరుతుంది, ఆలస్యమైతే ఆగదు. బూట్లు, ఫుల్ చేతుల చొక్కా, స్టీలు బాటిల్‌లో నీళ్ళు, డబ్బాలో అన్నం. ప్లాస్టిక్ కవర్లలో చిప్స్ వద్దు. పురుగు కుడితే ఒళ్ళు దద్దుర్లెక్కే పిల్లలుంటే ముందే చెప్పండి, మందు మా దగ్గర పెట్టుకుంటాం. పడిపోయిన ఆకు, కాయ చేతిలోకి తీసుకుని చూడొచ్చు, చూసి అక్కడే పెట్టేయాలి. సంతకం పెట్టిన చీటీ శుక్రవారం మధ్యాహ్నంలోపు క్లాస్ టీచర్‌కి అందాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు