తాబేలుతో పాటు వలనూ చూపాలి

సంపాదక మహాశయా,

గోపాల్‌పూర్ తీరంలో సైకత శిల్పులు ఇసుకతో తీర్చే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల బొమ్మలను బరంపురం తెలుగువాళ్లం కుటుంబాలతో వెళ్లి చూస్తుంటాం. నీళ్లు చిలకరించిన ఇసుక మీద సన్నని కత్తితో డిప్పలోని పలకలను ఒక్కొక్కటిగా చెక్కే ఆ నేర్పు నిజంగా అబ్బురపరుస్తుంది. అయితే పక్కన ‘తాబేళ్లను కాపాడండి’ అన్న మాటే తప్ప, అవి ఎందుకు చనిపోతున్నాయో చెప్పేది ఏదీ కనిపించదు. ఊపిరి కోసం నీటిపైకి రావలసిన ఈ ప్రాణి ట్రాలర్ అనే పెద్ద మరపడవ లాగే వలలో చిక్కితే మునిగి చనిపోతుంది. ఈ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఋషికుల్య నది ముఖద్వారం వద్ద ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేటను నిషేధించింది అందుకే. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి గనుక, ఒడ్డున వెలిగే దీపాలు వాటిని సముద్రానికి బదులు ఊరివైపు మళ్లిస్తాయి. శిల్పులు ఆ వలను, ఆ దీపాన్ని కూడా చెక్కాలి.

మరొక మాట. గంజాం తీరంలో వేటకు వెళ్లే జాలర్లలో చాలామంది ఇంట తెలుగే మాట్లాడతారు. వాళ్ల పల్లెల్లో, పడవలు ఆగే చోటనే ఈ శిల్పాలు వెలిసి, వాటి కింద ఒడియాతో పాటు తెలుగులోనూ వివరాలు రాసేలా జిల్లా అధికారులు ఈ వేట నిషేధ కాలం మొదలయ్యేలోగా ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా