ముగ్గురే వచ్చారన్నావు కదా

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పదకొండు నిమిషాలు! సగం మీ టీమ్ గొడవ, మిగతా సగం మీ క్యాంపస్ పక్క పేటవాళ్ళతో కలిసి చేస్తున్న ఆర్ట్ ప్రాజెక్ట్ వర్క్‌షాప్‌కి ముగ్గురే వచ్చారని, వాళ్ళలో ఒకాయన వేరే మీటింగేదో అనుకుని వచ్చాడని. అక్కడ నవ్వొచ్చింది కానీ, చివర్లో నీ గొంతు విన్నాక నవ్వు ఆగిపోయింది. ఫోన్‌లో అయితే నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు, అందుకే రాస్తున్నా.

ముందు ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. బుధవారం పొద్దున పదకొండింటికి, మీ క్యాంపస్‌లో, రెండో అంతస్తు స్టూడియోలో అని ఎవరు పెట్టారు? మీ అయిదుగురికీ ఆ గంట ఖాళీ కాబట్టి పెట్టారు. ఆ పేటవాళ్ళు ఆ టైమ్‌కి పనుల్లో ఉంటారు, లేదంటే ఇంట్లో చంటిపిల్లల్నో ముసలివాళ్ళనో చూసుకుంటూ ఉంటారు. అది తప్పించుకుని వచ్చినా గేటు దగ్గర ఎవరి కోసం వచ్చారు, ఐడీ ఏదీ అని ఆపుతారు. మీ కాంపౌండ్ గోడకి ఆనుకునే ఏళ్ళ తరబడి ఉంటూ ఒక్కసారి కూడా లోపలికి రానివాళ్ళు ఎంతమంది ఉంటారో. 'వాళ్ళకి ఆర్ట్ మీద ఇంట్రెస్ట్ లేదు' అని మీ టీమ్‌లో ఎవరో అన్నారట కదా, ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

ఎందుకో చెప్పాలంటే నాయనమ్మ సంగతి చెప్పాలి. నేను నీ వయసులో ఉన్నప్పుడు ఒక కాలేజీ నుంచి నలుగురు స్టూడెంట్లు మా వీధికి వచ్చారు. ఇళ్ళల్లో కూర్చుని పని చేసుకునే ఆడవాళ్ళ మీద నాటకం వేస్తున్నామన్నారు. నాయనమ్మ ఎన్నో ఏళ్ళుగా మిషన్ కుట్టేది. మూడు సాయంత్రాలు వాళ్ళకి తన కథంతా చెప్పింది, మాకెప్పుడూ చెప్పనివి కూడా, పక్క గదిలోంచి నేనూ వింటూ కూర్చున్నాను. పోతూ పోతూ, మిషన్ కొన్న వారంలో దాని పక్కన నిలబడి తాతయ్య తీయించుకున్న ఫోటో అడిగి తీసుకున్నారు, వారంలో తెచ్చిస్తాం, నాటకానికి మీరే మొదటి వరసలో కూర్చోవాలి అని చెప్పి మరీ. నాయనమ్మ అప్పటిదాకా దారం కట్టి వాడుకుంటున్న కళ్ళజోడుకి కొత్త కాడ వేయించుకుంది. నాటకం అయిపోయిందని, బాగా చప్పట్లు కొట్టారని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నేను కాలేజీకి వెళ్ళి అడిగితే 'ఆ బ్యాచ్ అయిపోయింది' అన్నారు, అంతే.

ఆల్బమ్‌లో ఆ నల్ల పేజీ మీద ఫోటో మూలలు దూర్చే నాలుగు కాగితపు ముక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, మధ్యలో ఖాళీ. అందులో ఇంకో ఫోటో పెట్టనివ్వలేదు ఆవిడ. ఆ పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు తల్లీ, వాళ్ళ సెమిస్టర్ అయిపోయింది, అంతే. నాకు భయం కూడా అక్కడే. మీకు మార్కులు పడ్డ రోజుతో పని అయిపోతుంది, వాళ్ళు మాత్రం ఆ మర్నాడు కూడా అక్కడే ఉంటారు.

నీ రీడింగ్ లిస్ట్‌లో పేర్లు చూసి నేనూ కొన్ని వెతుక్కుని చదువుతున్నాను (రిటైరయ్యాక ఇదో కాలక్షేపం). షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన ఎనిమిది మెట్ల నిచ్చెన చూశావా, నిర్ణయాల్లో జనానికి నిజంగా ఎంత భాగం ఇస్తున్నామో మెట్లుగా చూపించేది? అది నగరాల ప్లానింగ్ గురించి రాసింది కానీ మీకూ సరిపోతుంది. అన్నిటికన్నా కింది మెట్టు జనాన్ని ఊరికే వాడుకోవడం, మధ్యలో ఎక్కడో వాళ్ళకి చెప్పడం, వాళ్ళని అడగడం, పై మెట్లకి వెళ్తే గానీ నిర్ణయం వాళ్ళ చేతికి రాదు. మీ పోస్టర్ మీద 'భాగస్వామ్యం' అని పెద్దక్షరాలతో వేశారు గానీ, కథ మీరు రాసుకుని, రంగులు మీరు ఎంచుకుని, బ్రష్ పట్టుకోవడానికి మాత్రం వాళ్ళని రమ్మంటే అది ఎన్నో మెట్టో నువ్వే చెప్పు.

జూడీ బాకా అనే చిత్రకారిణి లాస్ ఏంజెలెస్‌లో వరద కాలువ కాంక్రీటు గోడ మీద వేయించిన బొమ్మ గురించి చదివాక నాకు కొంచెం అర్థమైంది. 1976లో మొదలుపెట్టి 1983 దాకా కొన్ని వేసవుల పాటు వేశారు, పొడవు అర మైలు పైనే, 400 మందికి పైగా కుర్రవాళ్ళు పనిచేశారు, కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. పని చేసినందుకు వాళ్ళకి జీతాలిచ్చారు! మీ బడ్జెట్‌లో కెమెరా అద్దె ఉంది, ప్రింట్లకి ఉంది, వచ్చి రెండు గంటలు కూర్చునే మనిషికి మాత్రం ఏమీ లేదు. అడిగితే మీ డిపార్ట్‌మెంట్ కాదనొచ్చు. అయినా అడగండి.

దీనికి అవతలి కొసన శిల్పి రిచర్డ్ సెరా చేసిన ఉక్కు గోడ ఉంది, న్యూయార్క్‌లో ప్రభుత్వ ఆఫీసుల ముందు 1981లో పెట్టారు, 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు. రోజూ ఆ దారిన నడిచే ఉద్యోగులు గొడవ పెడితే 1989లో తీసేశారు. అది చెడ్డ శిల్పమని నేననను, నాకంత తెలియదు కూడా. కానీ రోజూ చుట్టూ తిరిగి వెళ్ళాల్సినవాడిని ముందే ఒక మాట అడిగి ఉండాల్సింది.

ఇక మీ టీమ్ గొడవ. దీని మీద ఎక్కువ రాయను, ఎందుకంటే ఎవరి పేరు ముందు రావాలి అన్న గొడవ పని సగమయ్యాక మొదలైతే తీరదు. ఇప్పుడైనా ఒక కాగితం మీద రాసుకోండి, ఎవరేం చేస్తున్నారు, పేరు ఎలా వేస్తారు, ఎవరైనా మధ్యలో మానేస్తే వాళ్ళ పని ఎవరిది అని. అదే కాగితంలో పేటవాళ్ళ పేర్లూ రాయండి, 'స్థానికుల సహకారంతో' అని ఒక్క లైన్‌లో చుట్టెయ్యకండి. రికార్డు చేసిన మాటలు వాడే ముందు వాళ్ళకి వినిపించండి, వద్దంటే తీసెయ్యండి, డెడ్‌లైన్ ముందు రోజు వద్దన్నా సరే. పని చెయ్యట్లేదంటున్నావే, ఆ అబ్బాయి, ఎందుకు చెయ్యట్లేదో విడిగా కూర్చోబెట్టి అడిగావా, లేక గ్రూపులో అందరి ముందే కడిగేశావా? నాకు నువ్వు తెలుసు కదా, అందుకే అడుగుతున్నా.

రేపు గానీ ఎల్లుండి గానీ కెమెరా లేకుండా, నోట్‌బుక్ కూడా లేకుండా, సాయంత్రం పూట ఆ పేటకి వెళ్ళిరా. మీరు ఎప్పటిదాకా వస్తారో, ఏ తేదీ తర్వాత రారో దాచకుండా చెప్పు. అన్నట్టు, ఆ పొరపాటున వచ్చినాయన చివరిదాకా కూర్చున్నాడన్నావు. అసలు ఏ మీటింగ్ అనుకుని వచ్చాడో అడిగారా ఎవరైనా? అడిగి నాకు చెప్పు.

మీ నాన్న