టీకా వేసిన ఆ అక్కకు

2021 ఏప్రిల్. 45 ఏళ్లు దాటిన వారందరికీ కోవిడ్ టీకా మొదలైన నెల. పరకాల నుంచి అమ్మను హనుమకొండలోని ఒక ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చాను. టీకా వేసుకుంటే మంచాన పడతారని ఊళ్లో ఎవరో చెప్పారట, దారి పొడవునా అమ్మ మాట్లాడలేదు. మా వంతు వచ్చేసరికి కొంగుతో భుజం కప్పుకుని "నాకు వద్దు, ఇంటికి పోదాం" అంది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. నాకూ కోపం వచ్చింది.

మీకు రాలేదు అక్కా. సీసా తెరిచాక నాలుగు గంటల్లోపు పది మందికి వేసేయాలి, ఆ తొందర మీకు ఉండే ఉంటుంది. అయినా వెనకవాళ్లను ముందుకు పిలిచి, వాళ్లకు వేసి, మళ్లీ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. మాస్కు ఒరుసుకుని మీ ముక్కు మీద ఎర్రటి గీత పడింది. "చెయ్యి మీది అమ్మా. మీరు సరే అంటేనే వేస్తాను. లేదంటే ఇంకోరోజు రండి" అన్నారు. ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చని దాచకుండా చెప్పారు. ఆ మాట అమ్మకు మేమెవరమూ చెప్పలేదు, ఏమీ కాదనే నచ్చజెబుతూ వచ్చాం. అమ్మ కాసేపు మీ కళ్లలోకి చూసి, తనే కొంగు తీసింది.

తర్వాత అరగంట కూర్చోబెట్టినప్పుడు మీరు రెండుసార్లు తలుపు దగ్గరకు వచ్చి చూసి వెళ్లారు.

జూలైలో రెండో డోసుకు అమ్మే నన్ను తొందరపెట్టి బయలుదేరదీసింది. మీకోసం మామిడికాయ తొక్కు సీసాలో పట్టుకొచ్చింది. మిమ్మల్ని వేరే చోటికి పంపారన్నారు. పేరు కూడా అడగలేదు అక్కా. మా ఇంటిల్లిపాది తరఫున మీకు దండాలు.