రైలెక్కని పిల్లల్ని ఢిల్లీ దాకా పంపిన మా పూర్వ విద్యార్థులకు

నాగులుప్పలపాడు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. ఫిబ్రవరిలో మా తొమ్మిదో తరగతి పిల్లలు 24 మంది ఢిల్లీ చూసి వచ్చారు. ఖర్చంతా నేను ఈ బడికి రాకముందే ఇక్కడ చదువుకుని వెళ్లిన ఒక బ్యాచ్ వాళ్లు పెట్టుకున్నారు. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఇది ఎవరి గురించో వాళ్లకి తెలుసు.

డబ్బిచ్చినందుకు అందరూ థ్యాంక్స్ చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటుంది. వాళ్లలో ఒకావిడ మొదటిసారి ఫోన్ చేసేసరికి నేను టాపర్ల లిస్టు రాసి పెట్టుకుని ఉన్నాను. పోటీ అయినా, ప్రైజు అయినా ఆ ఐదారుగురే కదా మా బళ్లో. ఆవిడ మాత్రం, "మార్కులు చూడొద్దు మేడం, ఇంతవరకు రైలెక్కని వాళ్లెవరో చూడండి" అన్నారు. మర్నాడు క్లాసులో అడిగితే 31 చేతులు లేచాయి. అమ్మనబ్రోలు స్టేషను ఎంతో దూరం లేదు, గాలి అటు నుంచి వీస్తే రైలు కూత కూడా వినిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఆ క్లాసులో నిలబడి నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

24 సీట్లకి చీటీలు వేశాం. మిగిలిన ఏడుగురి ముఖాలు చూడలేకపోయాను, అది నిజం. వచ్చే ఏడాది ముందు వాళ్లేనని ఆవిడే మాటిచ్చారు.

ఇళ్లల్లో ఒప్పించడం రైలు టికెట్ల కంటే కష్టమైంది. ఒక పిల్ల నాయనమ్మయితే "ఆడపిల్లని అంత దూరం పంపి నేను నిద్రపోవాలా?" అని తలుపు దగ్గరే కూర్చుంది. మొదట నాకు ఫోన్ చేసిన ఆవిడే వీడియో కాల్ చేసి, "పెద్దమ్మా, నేనూ ఈ ఊరి పిల్లనే, మా అమ్మ కూడా నన్ను పంపించనంది" అంటూ ముప్పావుగంట మాట్లాడారు. చివరికి నాయనమ్మే పిల్ల సంచిలో మాగాయ సీసా పెట్టింది.

ఒంగోలులో రాత్రి జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కృష్ణ వస్తోందని ఎవరో లేచి అందర్నీ లేపారు. చీకట్లో నది సరిగ్గా కనిపించనే లేదు, అయినా కిటికీలోంచి చిల్లర వేసి దణ్ణం పెట్టారు. మధ్యలో ఒక పగలు, ఇంకో రాత్రి గడిచాక ఢిల్లీ చలి మొహానికి కొట్టింది. ఒక్కొక్కరికీ స్వెట్టరు, మంకీ క్యాపు ముందే కొని పంపింది కూడా వాళ్లే.

దిగీ దిగగానే టెన్షన్. అడ్వాన్స్ తీసుకున్న బస్సు మనిషి ఫోన్ ఆపేశాడు. 24 మంది పిల్లల్ని ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టుకుని నేను ఏడవడం ఒక్కటే తక్కువ. ఆ బ్యాచ్‌లోని ఒకాయన స్నేహితుడు ఢిల్లీలో ఉంటారట, గంటన్నరలో రెండు వ్యాన్లు తెచ్చి నిలబెట్టారు. ఆ మూడు రోజులూ ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి మా వెంటే తిరిగారు. ఆయనకు మా ఊరితో ఏ సంబంధమూ లేదు.

కుతుబ్ మినార్ కంటే దాని పక్కనున్న ఇనుప స్తంభం దగ్గరే పిల్లలు ఎక్కువసేపు ఆగిపోయారు. సుమారు 1600 ఏళ్లుగా ఎండలో, వానలో నిలబడి ఉంది. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల పైన ఒక పలచని పొర ఏర్పడి తుప్పును ఆపుతోందని చెప్పాను. ఉప్పు మళ్లలో పనిచేసే వాళ్ల అబ్బాయి, "మా నాన్న పార ఏడాది కూడా ఆగదు టీచర్, దీన్ని కనపర్తి తీసుకొస్తే తెలుస్తుంది" అన్నాడు. కనపర్తి మా సముద్రపు ఒడ్డు ఊరు, ఢిల్లీ గాలిలో తేమ తక్కువ కాబట్టి వాడన్న దాంట్లో తప్పేమీ లేదు.

జంతర్ మంతర్‌లో నీడతో టైము చెప్పే పెద్ద కట్టడం, సమ్రాట్ యంత్రం నీడ చూసి, "ఈ గడియారం అరగంట లేటు" అని ఇంకొకడు. మన గడియారాలు నడిచే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గర, ఢిల్లీ దానికి పడమర. అందుకే అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వాచీలో పన్నెండు దాటిపోతుంది. ఫిబ్రవరిలో ఆ తేడా ఇంకాస్త పెరుగుతుంది కూడా. నేను మ్యాపు మీద కర్రతో చూపించి చూపించి అలిసిపోయిన పాఠం అక్కడ ఐదు నిమిషాల్లో అయిపోయింది.

పార్లమెంటు ఆవరణలో చాలామంది నాయకుల విగ్రహాలు ఉన్నాయి. వాటిలో మన ప్రకాశం పంతులుగారిని వెతికి పట్టుకున్నది ఆ నాయనమ్మగారి మనవరాలే. ఆయన పుట్టిన వినోదరాయునిపాలెం మా మండలమే కదా! "మా ఊరాయన" అని పక్కన నిలబడ్డ వేరే రాష్ట్రం వాళ్లకి సైగలతో చెప్పింది.

ఆంధ్రా భవన్‌లో భోజనం సంగతి రాయకపోతే పిల్లలు ఊరుకోరు. రెండు రోజులు రొట్టెలు తిని మొహాలు వాడిపోయిన వాళ్లు, పొడి, నెయ్యి, వేడన్నం చూసేసరికి మాటలు మానేశారు.

పైసాతో సహా లెక్క మీ అందరికీ పంపాను, చూసుకోండి. మిగిలింది ఆ ఏడుగురి పేరు మీదే ఉంచాను. మీకు, ఆ ఢిల్లీ స్నేహితుడికి, మా 24 ఇళ్ల తరఫున నమస్కారాలు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఒకసారి బడికి రండి. పిల్లలు రైల్లో రాసుకున్న నోటుబుక్కులు స్టాఫ్ రూం బీరువాలో దాచాను. తాళం నా దగ్గరే ఉంటుంది.